కోచింగ్ అంటే మోసుకెళ్ళడం



డిగ్రీ అయిపోగానే మన పల్లె పిల్లలు బ్యాగు సర్దుకొని హైదరాబాదు బస్సెక్కుతారు. ఎక్కడికి అంటే అందరిదీ ఒకటే జవాబు: "అమీర్‌పేటకు, కోచింగ్‌కు." ఆ మాట ఎలా పుట్టిందో తెలుసుకుంటే మన బాధ్యత కూడా తెలుస్తుందని మేము నమ్ముతున్నాము.

హంగేరీ దేశంలో కోచ్ అనే చిన్న పల్లె ఉంది. 15వ శతాబ్దంలో అక్కడ తయారైన గుర్రపు బండ్లు చాలా పేరు పొందాయి. ఊరి పేరే బండికి పేరైంది. జర్మన్, ఫ్రెంచి భాషల మీదుగా అది ఇంగ్లీషుకు చేరింది. 1830ల ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టారిని వేళాకోళంగా కోచ్ అన్నారు. బండిలాగా మోసుకెళ్ళి అవతల దించుతాడు కదా! ఆ తరువాత అదే మాట నేర్పించడం అనే క్రియగా స్థిరపడింది. మెట్రో రైలు పెట్టెకూ, మాస్టారికీ ఒకే పేరు ఉండటం అందుకే.

ఈ రోజు మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా జావా, పైథాన్ బోర్డులే. అటు పంజాగుట్ట దాకా సందు సందునా హాస్టళ్ళే. అక్కడ శ్రద్ధగా చెప్పే మాస్టార్లు ఉన్నారు, వారిని మేము తప్పుపట్టడం లేదు. అయితే గది నిండా పిల్లలకు పాఠం చెప్పడం వేరు, ఒక్కొక్కరినీ గమ్యం దాకా మోయడం వేరు. మనం కట్టే ఫీజు మొదటిదానికే. రెండోది ఎవరు చేయాలి?

అప్పు చేసి పంపిన తండ్రి ఫోన్ చేసిన ప్రతిసారీ "ఉద్యోగం వచ్చిందా?" అని అడుగుతాడు. రాని బిడ్డ ముఖం చెల్లక పండుగకైనా ఇంటికి రాడు. అక్కడే బండి ఆగిపోతుంది.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుని చూడండి. రథంలో కూర్చొని చదువుతున్నాడు గాని అర్థం కాలేదు. ఫిలిప్పు దారిలో నిలబడి సలహా చెప్పి పంపలేదు. పరుగెత్తి వెళ్ళి, రథమెక్కి, పక్కన కూర్చున్నాడు. పని ముగిశాక అతడు కనబడలేదు. అయినా ఆ మనిషి సంతోషంగా తన దారిన సాగిపోయాడు. పక్కన కూర్చోవడం, సమయం వచ్చినప్పుడు తప్పుకోవడం, ఈ రెండూ ఉంటేనే అది కోచింగ్ అని మా అభిప్రాయం.

కాబట్టి ఈ వారం మీ బిడ్డకు ఫోన్ చేసినప్పుడు ముందుగా "అన్నం తిన్నావా నాన్నా?" అని అడగండి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఇంటి తలుపు తీసే ఉంటుందని చెప్పండి. నగరంలో స్థిరపడిన మన ఊరివారు ఆదివారం ఒక్క గంట ఆ హాస్టళ్ళకు వెళ్ళి పలకరించండి. సంఘముగా మనం మోయగలిగిన భారం ఇది.

దేవుడు మన బిడ్డల ప్రయాణాన్ని దీవించును గాక. ఆమేన్.