గగనమందలి గడియారముల సంగతి

సంపాదక మహాశయా,

రాకెట్టు శ్రీహరికోటను వీడిన నాడు మొదటి పుట నిండ ఛాయాచిత్రములు వేసి, అది మోసికొనిపోయిన ఉపగ్రహములోని గడియారము నిలిచిన నాడు లోపలి పుటలో నాలుగు పంక్తులతో సరిపుచ్చు మన పత్రికల అలవాటు, దారిచూపు ఉపగ్రహముల విషయమున మాత్రము తలక్రిందులు కావలెనని నా వాదము.

వేగముగ పోవు గడియారము మందగించుననియు, భూమ్యాకర్షణ తగ్గినచోట త్వరపడుననియు ఐన్‌స్టీన్ సిద్ధాంతము చెప్పు కాలవ్యాకోచమే వీనికి పెద్ద గండమని పలువురు తలతురు. అది గండమే కాదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీపీఎస్ గడియారము వేగమువలన దినమునకు 7 మైక్రోసెకన్లు వెనుకబడి, ఆకర్షణ తగ్గుటవలన 45 ముందునకు జరిగి, తుదకు 38 మైక్రోసెకన్లు గడించును. 36,000 కిలోమీటర్ల పైనుండు మన నావిక్ ఉపగ్రహమునకు లెక్కగట్టిన ఆ గడింపు 46 దాటును. గడియారపు కాలమునుబట్టియే దూరము లెక్కింతురు గనుక, దిద్దకున్నచో ఆ ఉపగ్రహము ఎంత దూరమున నున్నదను లెక్కలో దినమొక్కటికి సుమారు 14 కిలోమీటర్ల తప్పు పేరుకొనును. అయినను 1977లో అమెరికావారు ఎన్‌టీఎస్-2 ఉపగ్రహమున పరీక్షించి చూచిన ఈ తేడా ముందే తెలిసినది గనుక, దిద్దుటయు తేలికయే.

ముందుగ తెలియరానిది యంత్రపు ఆయువు. మన నావిక్ వరుసలో 2013 జూలై 1న ఎగసిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ లోని మూడు విదేశీ రుబీడియం గడియారములును 2017 ఆరంభమునకే చెడగా, ఉపగ్రహము ఆకసమున క్షేమముగ నున్నను స్థాననిర్ణయమునకు అక్కరకు రాకపోయెను. దానికి బదులు పంపిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్, రాకెట్టు ఉష్ణకవచము విడివడక వ్యర్థమాయెను. అహ్మదాబాదున రూపొందిన రుబీడియం గడియారముతో ఎన్‌వీఎస్-01 ఉపగ్రహము వెడలినది 2023 మే 29న.

ఈ గడియారములతో మా చేలకును పని గలదు. ఆ ఉపగ్రహము వెడలిన మరుసటి నెల 30న మా ఆసిఫాబాదులోనే, అడవినేలను సాగుచేయువారికి పోడు పట్టాల పంపిణీ మొదలయ్యెను. గొలుసు పట్టి కొలుచు కాలము పోయి, ఉపగ్రహముల సంకేతమందుకొను సెల్‌ఫోను చేతబట్టి చెలక చుట్టును నడిచి హద్దు గుర్తించు కాలము వచ్చినది. ఫోనుకు సహజమైన కొన్ని మీటర్ల తేడాయే ఎకరము పోడు గల గోండు రైతునకు భారము. పలు పరదేశముల ఉపగ్రహములు ఫోనుకు అందుచుండగా మన గడియారముల చింత ఏలయని కొందరందురు. పరుల గడియారములపై ఎన్నటికైనను పరులకే హక్కు గలదని వారు మరతురు కాబోలు!

అమెరికావారు తమ జీపీఎస్ ఉపగ్రహములలో ఏది పనిచేయుచున్నదో ఏది నిలిచినదో ఎప్పటికప్పుడు ప్రకటింతురు. నావిక్ గడియారముల స్థితినిగూడ ఇస్రోవారినుండి తెప్పించి, వర్షపాతపు పట్టికవలె నెలకొకసారి మీ పత్రికలో తెలుగున ప్రచురింపుడని ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆసిఫాబాదు.