వేసవిని దాచిన కాలనీ

కెనడాలోని అల్బెర్టా రాష్ట్రం, ఒకొటోక్స్ పట్టణం. గడ్డకట్టే చలిలోనూ అక్కడి డ్రేక్ ల్యాండింగ్ కాలనీలోని 52 ఇళ్లు చాలావరకు ఎండతోనే వెచ్చగా ఉండేవి. 2007లో మొదలైన ఈ ఏర్పాటులో గ్యారేజీల కప్పులపై పలకలు వేసవి ఎండను పట్టేవి. ఆ వేడి గొట్టాల్లోని నీటితోపాటు 37 మీటర్ల లోతున్న 144 బోర్లలోకి దిగి చుట్టూ ఉన్న నేలను కాచేది. వేసవి ముగిసేసరికి ఆ నేల సుమారు 80 డిగ్రీలకు చేరేది. మంచు నెలల్లో అదే వేడి ఇళ్లకు తిరిగొచ్చేది. 2015-16 చలికాలంలోనైతే గదుల వెచ్చదనానికి గ్యాస్‌తో పనే పడలేదు.

ఇంత చేసిన వ్యవస్థను 2024లో మూసేయాలని నిర్ణయించారు. పరికరాలు పాతబడ్డాయి, విడిభాగాలు దొరకడం కష్టమైంది. ఇళ్లు మళ్లీ గ్యాస్ దారి పట్టాయి. బాధాకరమైన నిర్ణయమిది. కానీ 52 కుటుంబాల కోసం ఎవరు విడిభాగాలు తయారుచేస్తారు? డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో మాత్రం వేసవి వేడిని ఇలాగే దాచే 2 లక్షల ఘనపు మీటర్ల వేడినీటి గుంట పట్టణానికంతటికీ ఉమ్మడిగా పనిచేస్తోంది. ప్రభుత్వాలు అనుసరించాల్సింది ఆ స్థాయినే. బోర్లు తవ్వే రోజునే పాతికేళ్ల మరమ్మతు ఖర్చునూ కేటాయించాలి.