డాప్లర్ పరీక్ష పుంగనూరు పల్లెలకూ అందాలి

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రిగా మొదలై వందేళ్లు దాటిన వైద్యశాల ఉంది. 1950-55 నడుమ అక్కడి డెన్మార్క్ వైద్యుడు జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెల జనానికి ఛాతీ ఎక్స్‌రేలు తీసి క్షయను వెతికి పట్టింది. ఆ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. జబ్బు ముదిరి రోగి వచ్చేదాకా కాచుకోకుండా ముందే వెతికిన సీమ ఇది. అదే సీమలో ఇవాళ డాక్టరు ‘డాప్లర్ తీయించుకు రండి’ అని చీటీ రాస్తే తిరుపతికా, వేలూరుకా, బెంగళూరుకా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

మామూలు స్కానింగు అవయవం ఆకారాన్ని చూపుతుంది. డాప్లర్ దాని లోపల రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో చూపుతుంది. కుప్పం స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత దగ్గరికొస్తున్నప్పుడు కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, దాని వెనకున్న సూత్రమే ఇదీ. ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో దాన్ని నక్షత్రాల కాంతి గురించి చెప్పాడు. కదిలే రక్తకణాలకు తగిలి తిరిగొచ్చే శబ్దతరంగాల తేడాను యంత్రం లెక్కగట్టి తెర మీద రంగులు వేస్తుంది. ఎరుపంటే మంచి రక్తం, నీలమంటే చెడు రక్తం అని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. సాధారణంగా ఎరుపు పరికరం వైపు వచ్చే రక్తం, నీలం దూరంగా పోయే రక్తం, అంతే.

దీని విలువ అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది కడుపులో బిడ్డ ఎదుగుదల ఆగినప్పుడు. బొడ్డుతాడులోని ధమనిలో రక్తం బిడ్డ గుండె కొట్టుకునే ప్రతి విడతా మాయ వైపు పారాలి, గుండె సడలిన క్షణంలో కూడా ఆ పారుదల ఆగకూడదు. మాయ దెబ్బతింటే ఆ క్షణంలో ప్రవాహం సన్నగిల్లుతుంది, తర్వాత ఆగిపోతుంది, ఇంకా ముదిరితే వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగిందంటే బిడ్డ ప్రాణాపాయంలో ఉన్నట్టే. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇంజెక్షన్లు ఎప్పుడివ్వాలి, కాన్పు ఎప్పుడు చేయాలి, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఎప్పుడు పంపాలి అన్న నిర్ణయాలకు ఇది పెద్ద ఆధారం. ముప్పున్న గర్భిణుల్లో డాప్లర్ వాడితే కాన్పుకు కాస్త ముందూ వెనకా జరిగే శిశు మరణాలు దాదాపు 29 శాతం తగ్గాయని కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ క్రోడీకరించి తేల్చింది.

ఆ ‘ముప్పున్న’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఏ ఇబ్బందీ లేని గర్భిణులందరికీ డాప్లర్ చేస్తే మేలు జరుగుతుందని రుజువు కాలేదు. ప్యాకేజీలో కలిపి అందరికీ తీసే పద్ధతి జేబుకు భారం. బీపీ ఉన్న తల్లి, మునుపు బిడ్డను పోగొట్టుకున్న తల్లి, నెలలకు తగ్గ ఎదుగుదల లేని గర్భం ఉన్న తల్లి – వీళ్లకు మాత్రం ఆలస్యం లేకుండా జరగాలి.

కాళ్ల సంగతీ అంతే. ఆపరేషనో కాన్పో అయి మంచాన పడ్డవారికి పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎగబాకితే ప్రాణం పోవచ్చు. ఆ గడ్డను ముందే పట్టేది డాప్లరే. సుగరు రోగుల్లో పాదానికి రక్తం అందుతోందో లేదో చేతిలో పట్టే చిన్న డాప్లర్‌తో, బీపీ పట్టీతో చూడొచ్చు. నాళాలు గట్టిపడ్డవారిలో ఆ లెక్క తప్పొచ్చు కాబట్టి పూర్తి పరీక్ష కూడా అవసరమవుతుంది. మదనపల్లె టమాటా మార్కెట్లో పొద్దస్తమానం నిలబడే హమాలీల కాళ్ల మీద సిరలు మెలితిరిగి ఉబ్బితే, లోపల ఏ కవాటం చెడిందో చెప్పేదీ ఇదే.

కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కాబట్టి ఆ పట్టణం కొంత నయం. 2025లో అక్కడి ఏరియా ఆసుపత్రిలో వైద్య సేవలను ఆన్‌లైన్‌లో కలిపే టాటా సంస్థ డిజిటల్ నెర్వ్ సెంటర్ కూడా మొదలైంది. చౌడేపల్లె, సోమల, రామకుప్పం, తంబళ్లపల్లె మండలాల గర్భిణులకూ డాప్లర్ పరీక్ష అందుబాటులో ఉండాలి. స్కానింగు యంత్రాన్ని ఎక్స్‌రే బండిలా ఇష్టానుసారం ఊరూరా తిప్పడం కుదరదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం అడ్డుకుంటుంది, అడ్డుకోవాల్సిందే. ఆడపిల్లను కాపాడే ఆ కట్టుబాటు సడలకూడదు. అందుకే రిజిస్టరైన యంత్రం దగ్గరికి తల్లిని చేర్చే బండిని, యంత్రం దగ్గర శిక్షణ పొందిన రేడియాలజిస్టును ప్రభుత్వమే చూపాలి. నాళానికీ శబ్దకిరణానికీ నడుమ కోణం తప్పితే వేగం లెక్క తప్పుతుంది, కాబట్టి యంత్రం కొని ఊరుకుంటే చాలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం – ఈ మూడు పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ డాప్లర్ ఏ రోజుల్లో చేస్తారో గేటు దగ్గర బోర్డు పెట్టాలి, అత్యవసరమైతే ఏ రోజైనా చేయాలి.

పాఠకులకు ఒక మనవి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే మర్దన చేయించకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కడుపులో బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.