తల్లిని నిందించే ముందు ఆమె రక్తం పరీక్షించండి

పుట్టిన బిడ్డకు పెదవి చీలి ఉంటే దాన్ని గ్రహణం మొర్రి అంటాం. అంటే విచారణ లేకుండానే తీర్పు చెప్పేశామన్నమాట! గ్రహణం రోజున తల్లి బయటికొచ్చింది, లేదా కత్తిపీట ముట్టుకుంది. నేరం ఆమెదే. బిడ్డ ఒంటి మీద ఎర్రని చుక్కలు, కమిలిన మచ్చలు కనిపించినా ఇదే తంతు. జాతకం చూసినాయన బాలారిష్టం అంటాడు. శాంతికి కావలసిన సామాన్ల చీటీ ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

మా బంధువుల ఇంట్లో నేనిది స్వయంగా చూశాను. కాన్పు తేలిగ్గా అయింది, తల్లి ఆరోగ్యంగా ఉంది. రెండో రోజుకి బిడ్డ ఒళ్ళంతా సూదులతో పొడిచినట్టు చుక్కలు వచ్చాయి. "మా వంశంలో ఇలాంటిది లేదు, అంతా ఈ పిల్ల కాలు పెట్టిన వేళ" అన్నారు అత్తగారు. చదువుకున్న వాళ్ళు అరడజను మంది అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

విజ్ఞానశాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. గాయమైనప్పుడు రక్తాన్ని ఆపేవి ప్లేట్‌లెట్లు. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఎర్ర రక్తకణాల మీద ఎ, బి గ్రూపుల గుర్తులున్నట్టే వీటి మీద కూడా కొన్ని గుర్తులుంటాయి. వాటిని హెచ్‌పీఏ యాంటిజెన్లు అంటారు. వీటిలో ఎక్కువ పేరున్నది హెచ్‌పీఏ-1ఎ. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, ఒక ప్రొటీన్‌లో 33వ స్థానంలో లూసిన్‌కు బదులు ప్రోలిన్ వస్తుంది. తేడా అంతే!

బిడ్డకు ఒక గుర్తు తండ్రి నుంచి వచ్చి, అది తల్లికి లేకపోతే, తల్లి ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారు చేయవచ్చు. అవి మాయ దాటి బిడ్డలోకి వెళ్ళి ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. ఆర్‌హెచ్ తేడాలో సాధారణంగా మొదటి బిడ్డ తప్పించుకుంటుంది. ఇందులో తొలి చూలు బిడ్డకే ప్రమాదం రావచ్చు. కొన్నిసార్లు కడుపులో ఉండగానే మెదడులో రక్తస్రావం అవుతుంది.

"అయితే తప్పు తండ్రిదన్నమాట" అంటారేమో. కాదు. ఇద్దరిదీ కాదు. ఒక అక్షరం తేడాకు నేరస్థుణ్ణి వెతకడమే మూఢత్వం.

నార్వేలో లక్ష మందికి పైగా గర్భిణులను పరీక్షిస్తే నూటికి ఇద్దరికి హెచ్‌పీఏ-1ఎ లేదని తేలింది. ఆ ఇద్దరిలాంటి వారిలోనూ పదోవంతు మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. చైనా, జపాన్ ప్రజల్లో ఈ గుర్తు లేనివారు బహు అరుదు. అక్కడ హెచ్‌పీఏ-4, హెచ్‌పీఏ-5 వంటి వేరే గుర్తుల వల్ల సమస్య వస్తుంది. జబ్బు జనాభా జన్యువులను బట్టి మారుతోంది. గ్రహణమే కారణమైతే ఈ తేడా ఎందుకు?

శాస్త్రానికీ జాతకానికీ తేడా ఇక్కడే ఉంది. యాంటీబాడీ సిద్ధాంతం ముందుగానే ఒక మాట చెబుతుంది: తల్లి ప్లేట్‌లెట్ల మీద ఆ గుర్తు లేదు కాబట్టి వాటిని యాంటీబాడీలు ముట్టుకోవు. కాబట్టి అవే ప్లేట్‌లెట్లను కడిగి, యాంటీబాడీలున్న ప్లాస్మాను తీసేసి బిడ్డకు ఎక్కిస్తే నిలవాలి. నిలుస్తాయి కూడా! ఆ గుర్తు లేని దాత దొరకనప్పుడు వైద్యులు వాడే మార్గాల్లో ఇదొకటి. మీరు దోషి అన్న తల్లి రక్తంలోనే మందుంది. ఏ శాంతి హోమం ఇలాంటి పరీక్షకు నిలబడింది?

ఈ జ్ఞానం ఎవరికీ ధ్యానంలో దొరకలేదు. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు, ఐటీపీ రోగి రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు పాతాళానికి పడిపోయాయి. కొన్ని రోజులకు కోలుకున్నాడు. రోగి రక్తంలోనే ప్లేట్‌లెట్లను చంపే పదార్థం ఉందని అలా రుజువైంది. 1959లో వాన్ లోఘెమ్, 1961లో షుల్మన్ ఒకే గుర్తును వేర్వేరు పేర్లతో వర్ణించారు. దాన్నే తర్వాత హెచ్‌పీఏ-1ఎ అన్నారు.

ఐటీపీలో శరీరం తన ప్లేట్‌లెట్ల మీద తానే దాడి చేస్తుంది. చిన్నపిల్లల్లో ఇది తరచు వైరస్ జ్వరం తర్వాత వస్తుంది. ఎక్కువమందికి ఆరు నెలల్లోపు దానంతట అదే తగ్గిపోతుంది. తాయెత్తుల వ్యాపారానికి ఇంతకంటే మంచి జబ్బు ఏముంటుంది? తగ్గితే బాబాగారి మహిమ, తగ్గకపోతే భక్తి చాలలేదు. నవజాత శిశువుల్లోనూ ఇంతే. తల్లి యాంటీబాడీలు కొన్ని వారాల్లో అరిగిపోతాయి, బతికి బట్టకట్టిన బిడ్డ కోలుకుంటుంది. పేరు మాత్రం హోమానికి వస్తుంది.

"నమ్మకం వల్ల నష్టమేమిటి?" అని అడిగేవారికి నా జవాబు ఇది. నష్టం రెండో కాన్పులో వస్తుంది. తండ్రికి ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ ఉంటే పుట్టబోయే ప్రతి బిడ్డకూ ఆ గుర్తు వస్తుంది. ఒక ప్రతిలోనే ఉంటే సగం అవకాశం. కారణం తెలిస్తే గర్భంలో ఉండగానే తల్లికి ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చి బిడ్డకు ప్రమాదం తగ్గించవచ్చు. దోషం పోయిందని నమ్మిస్తే ఆ అవకాశమే పోతుంది.

బిడ్డకు ప్లేట్‌లెట్లు తగ్గడానికి ఇన్ఫెక్షన్ వంటి వేరే కారణాలూ ఉంటాయి. అవి కాదని తేలితే, తల్లిదండ్రులిద్దరికీ హెచ్‌పీఏ పరీక్ష, తల్లికి యాంటీబాడీ పరీక్ష ఎక్కడ చేస్తారని డాక్టరును అడగండి. రక్తస్రావం ముహూర్తం చూసుకుని ఆగదు. పంచాంగం పక్కన పెట్టి బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఆ తల్లిని ఎవరైనా ఒక్క మాట అంటే, మిత్రులారా, అక్కడే, అప్పుడే నోరు విప్పండి.