సర్టిఫికెట్లు బీరువాలో పెడితే నర్సులు నిలుస్తారా?

నర్సులు ఆరు నెలలు కూడా నిలబడటం లేదని ఈ వారం ఓ ప్రైవేటు ఆసుపత్రి యజమాని నా దగ్గర వాపోయారు. చేరేరోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుంటున్నా సరే, వదిలేసి పోతున్నారట. ఈ రెండో మాట విన్నాక మొదటి మాట మీద నాకు జాలి మిగల్లేదు.

టెన్త్ మెమో, ఇంటర్ మెమో, జీఎన్ఎం డిప్లొమా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్. పేదింటి పిల్ల ఇరవై రెండేళ్లకు సంపాదించుకున్న ఆస్తంతా ఆ ఒక్క కవరే. అది ఆసుపత్రి బీరువాలోకి వెళ్లాక ఆమె ఇంకోచోట ఇంటర్వ్యూకు పోలేదు, ప్రభుత్వ నోటిఫికేషన్ పడినా వెరిఫికేషన్‌కు పోలేదు. అడిగితే ఇన్ని వేలు కట్టమంటారు. కడతానంటే హెచ్ఆర్ మేడం లీవులో ఉందంటారు. మనిషిని ఉద్యోగంలో ఉంచుకునే పద్ధతి కాదిది, తాకట్టు వ్యాపారం.

జీతాల సంగతి కొత్తగా చెప్పాలా? సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదని చెప్పింది. రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఇన్నేళ్ల తర్వాత కూడా పన్నెండు వేలకూ, పదిహేను వేలకూ పనిచేస్తున్న పిల్లలు నాకు తెలుసు.

ఆ జీతానికి వాళ్లు చేసే నైట్ డ్యూటీ ఒక్కసారి దగ్గరగా చూడండి. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగాలి. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు పూర్తిగా ఉండాలి, కానీ ఒకే సిస్టర్ మూడు నాలుగు బెడ్లు చూస్తుంటుంది. ఒకచోట సిరంజి పంప్ మోగుతుంది. దాన్ని చూసి తిరిగేలోపు పక్క బెడ్ పెద్దాయన కాన్యులా పీక్కుంటాడు, దుప్పటంతా రక్తం. బయట నుంచి రోగి తాలూకు బంధువు కేకలు. ఈ హడావుడిలో చార్టులో రెండు గంటల బీపీ రాయలేదని పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ చీవాట్లు. వచ్చే సిస్టర్‌కు డ్యూటీ అప్పగించేదాకా కదలకూడదు. ఆ సిస్టర్ రాకపోతే డబుల్ డ్యూటీ.

ఇలాంటి డ్యూటీ దిగిన పిల్ల విదేశంలో ఉద్యోగం కోసం నిద్ర ఆపుకుని జర్మన్ భాష క్లాసుకు వెళ్తోందంటే ఆశ్చర్యమేముంది? తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే భాష నేర్పించి మరీ జర్మనీకి నర్సులను పంపుతోంది. నష్టపోయేది మనమే. మానిటర్ మోగకముందే రోగి ముఖం చూసి ఏదో తేడాగా ఉందని డాక్టరును పిలిచేది పాత సిస్టర్. ఆమె పోయిన వార్డులో ప్రతి నెలా కొత్త చేతులే ప్రాణాలు చూస్తుంటాయి.

మానేసేటప్పుడు రావాల్సిన జీతం విషయంలో చట్టం ఈసారి నర్సుల వైపే ఉంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగి రాజీనామా చేసిన రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం ఇచ్చేయాలి. మరి సర్టిఫికెట్లు?

వాటిని ఆపేసే ఈ రోగం అసలు మొదలయ్యేది కాలేజీల్లో. విద్యార్థుల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. మన దగ్గర విన్నదెవరు? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలు టీసీలూ, మెమోలూ ఆపేస్తున్నాయి. తెలంగాణలో బకాయిలు వేల కోట్లకు చేరి, కాలేజీలు 2025లో బంద్ కూడా చేశాయి. యాజమాన్యాల ఇబ్బంది నిజమే, కాదనను. కానీ బాకీ పడింది సర్కారు. చేతికొచ్చిన ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చునేది ఆ పిల్ల. ఇంతకంటే అన్యాయం ఉందా? ఆ పిల్లే రేపు నర్సో, ఇంజనీరో అయి మొదటి కొలువులో చేరితే, కాలేజీ చేసిందే ఆసుపత్రి కూడా చేస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు తమ బకాయిలు తీర్చాలి. ఒరిజినల్స్ ఆపిన కాలేజీకి అఫిలియేషన్, ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయబోమని ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపే ఇవ్వాలి.