ఎవరి ఒరిజినల్?

మా పెదనాన్న కొడుకు బెంగళూరు నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫొటో పెట్టాడు. తాతయ్య కొన్న అంబాసిడర్, 1968 నాటి మార్క్ 2. కింద ప్లాను: ఎవడో పెట్టిన డీజిల్ ఇంజన్ పీకేసి, పాత పెట్రోల్ ఇంజన్ వెతికి బిగించి, పైన క్యారియర్ కోసేసి, క్రీమ్ రంగు వేయించి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలట. అందరూ దణ్ణాలు, గుండెలు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ‘ఎవడో’ అన్న మాట దగ్గర.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. రోజువారీ పనులకి వాడకూడదు. రాసినవాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ కొలబద్దే ఇంటి జ్ఞాపకాలకీ సరిపోతుందనుకుని, జరిగినవాటిని జరగనట్టు చేయబోయే మనవాళ్ళతోనే పేచీ.

ఒరిజినల్ అంటారా, అసలు అంబాసిడరే ఒరిజినల్ కాదు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని తెచ్చుకుని, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 2014 దాకా హిందుస్థాన్ మోటార్స్ చేసిన బండి అది.

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి. 1967లో సాగర్ కుడి కాలవకి నీళ్ళొదిలారు, మరుసటేడు తాతయ్య కారు కొన్నాడు. పత్తి పండినన్నాళ్ళూ పెట్రోలు పోశాడు. 1987–88లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తుడిచిపెట్టుకు పోయింది. అప్పుతెచ్చి కొట్టిన పురుగుమందే తాగి రైతులు చచ్చిపోయారు. మా ఇంట్లో ఎవరూ చావలేదు. నాలుగెకరాలు పోయాయి, కారు మిగిలింది. ప్రేమతో కాదు, ఆ ఏడు కొనే నాథుడు లేక.

అప్పుడు దాన్ని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళి డీజిల్ ఇంజన్ వేయించింది మా డ్రైవరు మావయ్య. అన్నయ్య చెప్పిన ఎవడో ఆయనే. క్యారియర్ కూడా ఆయన కట్టించిందే. పగలు పెళ్ళిళ్ళు, రాత్రి పురుడొచ్చిన ఆడవాళ్ళు, సీజన్లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు. వెనక సీటు దులిపితే ఇప్పటికీ తుమ్ములొస్తాయి. మా నాన్న, పెదనాన్న హాస్టలు ఫీజులు ఆ కిరాయిల్లోంచే వెళ్ళాయి. ఆయనకి జీతం లేదు, కిరాయిలో వాటా. అది కూడా తాతయ్య సరిగ్గా ఇచ్చేవాడని నేను ఒట్టేసి చెప్పలేను.

ఇదంతా ఇప్పుడు ‘మాడిఫికేషన్’. క్రీమ్ రంగు కింద ముందు మాసిపోయేది ఈ ఇరవై ఏళ్ళే. మిగిలేది షోకు చేసిన ఏళ్ళు, పైగా దానికి ‘వంశపారంపర్యం’ అని పేరు. ఎవరి వంశం? మా అత్తలకి ఆ కారు అప్పగింతల నాడు ఎక్కడానికే తప్ప వారసత్వంలో రాలేదు.

తుప్పు పట్టి పోనిద్దామా అంటారు. వద్దు, బాగుచేయించండి. కిందంతా తుప్పే, బ్యాటరీ కూడా లేదు, నాకు తెలుసు. కానీ ఆ డీజిల్ ఇంజన్నే విప్పి బాగుచేయించండి. క్యారియర్ జోలికి పోకండి. వింటేజ్ ప్లేటు రాకపోతే రాకపోనీ.

డ్రైవరు మావయ్య కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు, స్కూలు ఆటో నడుపుతాడు. కారు సంగతి అతన్ని ఒక్క మాట అడిగారా అని గ్రూపులో రాశాను. ఇరవై ముగ్గురు చూశారు. పెదనాన్న ఓ గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టాడు.