నాంపల్లిలో దిగిన కుర్రాడికి తోడెవరు?

చదువుకో, కోచింగుకో, చిన్న ఉద్యోగానికో పల్లె కుర్రాళ్లు రైలెక్కి నాంపల్లి స్టేషనులో దిగుతూనే ఉన్నారు. ఇంటినుంచి వచ్చే ప్రశ్నలు రెండే. గది దొరికిందా? తిండి బాగుందా? తోడు ఎవరున్నారని అడిగేవారు తక్కువ.

ఊళ్లో పదిమందిలో తిరిగినవాడు పట్నంలో ఒంటరివాడవుతాడు. యాస విని నవ్వేవారుంటారు. కులం ఆరా తీసి పక్కకు జరిగేవారూ లేకపోలేదు. పరీక్ష పోయినా, పని పోయినా చెప్పుకునే దిక్కుండదు. ఫోనులో మాత్రం బాగానే ఉన్నానంటాడు. తల్లిదండ్రులు నమ్మేస్తారు.

ఈ నగరంలో తెలుగువారికి ఎగతాళి కొత్తది కాదు. 1921లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావును గేలి చేశారు. మనసు నొచ్చుకున్నవారు ఎవరిళ్లకు వారు పోలేదు. కలిసి కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అంతకు మూడేళ్ల ముందే, 1918లో, రాజబహదూర్ వెంకటరామిరెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు మొదలైంది. ఆబిడ్స్‌లోని ఆ హాస్టల్లో పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు అన్నంతోపాటు స్నేహాలు, పుస్తకాలు, వాదోపవాదాలు దొరికాయి. అక్కడ ఉండి చదివిన రావి నారాయణరెడ్డి తర్వాత తెలంగాణ పోరాట నాయకుడయ్యారు.

అయితే అండగా నిలిచే కులపెద్దలు, దాతలు లేని పిల్లల మాటేమిటి? ఇప్పుడు ప్రభుత్వ వసతి గృహాలున్నాయి. మంచిదే. అక్కడ హాజరు వేస్తారు, భోజనం పెడతారు. రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని కుర్రాడిని గుర్తుపట్టే పని ఎవరిదో రాసిలేదు. ఆడపిల్లల పరిస్థితి మరీ కష్టం.

ఈ పని ఊరే చెయ్యాలి. పట్నంలో ఆటో నడిపేవారు, ఆఫీసుల్లో పనిచేసేవారు ప్రతి ఊరికీ ఉన్నారు. కొత్తగా వెళ్లే పిల్లల పేర్లు సర్పంచి వారికి అందజేయవచ్చు. నెలకో ఆదివారం పబ్లిక్ గార్డెన్సులో గంటసేపు కలిస్తే ఖర్చేమిటి? ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారం పాత పుస్తకాలు అమ్ముతారు. అటూ తీసుకెళ్లవచ్చు. ఇందులో వాడకట్టు భేదం పాటిస్తే మాత్రం ఆ కలయిక దండగ.

మాట బరువెక్కినట్టు, నిద్ర పట్టనట్టు కనిపించే పిల్లలకు 14416 నంబరు చెప్పాలి. ఇది 2022లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏటా జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు జనం ఊళ్ల నుంచి బయలుదేరతారు. వెళ్లేవారు పక్కింటి కుర్రాడి గది కూడా వెతుక్కుని, ఒక పూట అతనితో కూర్చుని రావాలి.